ప్రాణహిత ఒడ్డున ఇంటి వడ్రంగం: పనిముట్లను ఎంచుకోవడం, పదును పెట్టడం, కాపాడుకోవడం

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో సిరోంచ, అహేరి వైపు ఉండే మన ఇళ్లలో పనిముట్టు చేతిలో అరిగిపోవడం తక్కువ, అటక మీద పాడైపోవడం ఎక్కువ. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు సుత్తి పిడి ఎండి వదులవుతుంది. జూలైలో ప్రాణహిత నిండుగా పారే రోజుల్లో గోడలే చెమర్చుతుంటే, ఉలి మీద ఒక్క రాత్రిలో ఎర్రని చుక్కలు లేస్తాయి. అందువల్ల ఇంట్లో చిన్న వడ్రంగి మూల ఏర్పాటు చేసుకోవాలనుకునేవారు ఏ పనిముట్టు కొనాలని అడగడానికి ముందు, కొన్నదాన్ని ఈ రెండు కాలాల నడుమ ఎలా నిలుపుకోగలమని అడగవలసి ఉంటుంది. నేను వృత్తిరీత్యా వడ్రంగిని కాను. పక్కింటి వడ్ల పెద్దాయన దగ్గర కూర్చుని కొంత, చెక్కనూ ఉక్కునూ పాడుచేసుకుంటూ కొంత నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ చెప్పేది ఇంటి అవసరాలకు పీట, అలమర, మంచం కోడు, తలుపు మరమ్మతు వంటివి చేసుకోదలచినవారి కోసం.

మొదట చోటు

గది పెద్దది కానక్కరలేదు. ఆరడుగుల బల్ల పట్టి, దాని చుట్టూ ఒక మనిషి తిరగగలిగితే చాలు. అయితే ఆ బల్ల నేల తడి తగిలే గోడకు ఆనకూడదు, వంటింటి ఆవిరి తగిలే చోట ఉండకూడదు, పడమటి ఎండ నేరుగా పడే కిటికీ కింద అసలే ఉండకూడదు. చాలామంది రేకుల షెడ్డును ఎంచుకుంటారు. పగలు కాగి రాత్రి చల్లబడే రేకు కింద వానాకాలంలో గాలిలోని తేమ నీటి బొట్లుగా మారి పనిముట్ల మీదనే పడుతుంది కాబట్టి, షెడ్డు తప్పనిసరైతే రేకు కింద వెదురు తడికో పలుచని ప్లైవుడ్డో కొట్టించుకోండి. బల్ల ఎత్తు మీరు నిటారుగా నిలబడి చేతులు వేలాడేసినప్పుడు మణికట్టు వచ్చే చోటికి ఉంటే రంద (చెక్కను పలుచగా చివ్వి నునుపు చేసే పనిముట్టు) పట్టడానికి నడుము నొప్పి రాదు. బల్ల ఎంత బరువుగా ఉంటే అంత మంచిది. కదిలే బల్ల మీద ఎంత పదునైన పనిముట్టయినా మొద్దుదానిలాగే పనిచేస్తుంది.

ముందు కొనవలసినవి, వాటి పేర్లు

మొదటి ఏడాదికి ఈ కొన్ని సరిపోతాయి: మూడు ఉలులు, ఒక రంద, రెండు రంపాలు, మూల సరిగ్గా తొంభై డిగ్రీలు ఉందో లేదో చూసే మూలమట్టం ఒకటి, ఒక కొయ్య సుత్తి, ఒక ఇనుప సుత్తి, ఒక ఉక్కు స్కేలు, గీత గీసే గేజి ఒకటి, నాలుగు క్లాంపులు, రంధ్రాలు వేయడానికి ఒక డ్రిల్లు, వీటన్నిటికంటే ముందు ఒక సానరాయి. ఒకేసారి పెద్ద పెట్టె నిండా సెట్టుగా అమ్మేవాటిని కొనవద్దని నా సలహా. పన్నెండు ఉలుల సెట్టులో మీరు వాడేవి మూడే ఉంటాయి, తక్కిన తొమ్మిదీ తుప్పు పట్టకుండా తుడవడానికే మీ ఆదివారాలు పోతాయి.

కొనేటప్పుడు మాట విషయంలో ఒక చిక్కు ఉంది. సిరోంచలో తెలుగులో అడిగితే ఇస్తారు గానీ, అహేరి దాటి చంద్రపూర్, బల్లార్పూర్ అంగళ్లకు వెళితే మన పేర్లు చెల్లవు. అక్కడ ఉలిని పటాశి అనీ, రంపాన్ని కరవత్ అనీ, ఆకురాయిని కానస్ అనీ, మూలమట్టాన్ని గుణ్యా అనీ అడగాలి. కోస్తావారు తోపడా అనేదాన్ని తెలంగాణలోనూ మన వైపూ రంద అంటాము, మరాఠీలో అది రంధా కనుక ఆ ఒక్కదానికి తడుముకోనక్కరలేదు.

ఉలి ఎంపిక

ఉలులలో 6, 12, 25 మిల్లీమీటర్ల వెడల్పువి తీసుకోండి. ఆరుది బెజ్జాలకూ, పన్నెండుది సాధారణ పనికీ, ఇరవై అయిదుది అంచులు చదును చేయడానికీ పనికివస్తాయి. అంగట్లో ఉలిని తీసుకుని ముందు దాని వీపును, అంటే వాలు లేని చదును వైపును, వెలుతురుకు ఎదురుగా ఉక్కు స్కేలు అంచు ఆనించి చూడండి. నడుమ స్కేలు కింద నుంచి సన్నగా వెలుతురు రావడం, అంటే అక్కడ కొద్దిగా పల్లం ఉండడం ఫరవాలేదు, ఆ పల్లం రాయి మీద పని తగ్గిస్తుంది కూడా. నడుమ ఉబ్బెత్తుగా ఉండి రెండు కొసల వద్ద వెలుతురు కనిపిస్తే మాత్రం ఆ ఉలిని అక్కడే వదిలేయండి. ఉబ్బును సరిచేయడం రోజుల పని. తరువాత పిడి చూడండి. ప్లాస్టిక్ పిడి మన వాతావరణానికి నప్పుతుందన్న మాట నిజమే, అది ఎండకు ఎండదు, వానకు ఉబ్బదు. కానీ చెమట చేతిలో జారుతుంది. కొయ్య పిడి ఉన్నదే కొనదలిస్తే సుత్తి దెబ్బ పడే పైకొసకు ఇనుప కట్టు ఉందో లేదో చూసుకోండి.

పాత సామాను అంగడిలో తుప్పు పట్టిన ఉలి కనిపిస్తే ముఖం తిప్పుకోకండి. పైపొర తుప్పు పోతుంది. వీపు మీద, అందులోనూ కొసకు అంగుళం లోపల, గోరు తగిలితే దిగేటంత గుంటలు పడి ఉంటే మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే ఆ గుంట అంచు దాకా వచ్చిన రోజు పదునులో గాటు పడుతుంది.

రంద, రంపం

మొదటి రందగా పద్నాలుగు అంగుళాల ఇనుప రందను, అంటే అంగట్లో 5 నంబరు అని చెప్పేదాన్ని సూచిస్తాను. చిన్నదైన 4 నంబరు నునుపు చేయడానికి బాగుంటుంది గానీ, వంకరగా ఉన్న పలకను తిన్నగా చేయడానికి పొడవు కావాలి. కొత్త రంద పెట్టెలోంచి తీయగానే పనిచేస్తుందని ఆశించకండి. దాని అడుగు భాగాన్ని మందపాటి అద్దం మీద పరచిన వాటర్ పేపరు (తడిపినా చిరగని గరుకు కాగితం) మీద రుద్ది, పేపరు గీతలు ముందు కొస, నోటి (బ్లేడు బయటికి వచ్చే సందు) ముందు భాగం, వెనుక కొస ఈ మూడు చోట్లా పడేదాకా చదును చేయాలి. రుద్దేటప్పుడు బ్లేడును వెనక్కి లాగి ఉంచినా, రందలోనే బిగించి ఉంచాలి. ఆ బిగువు లేకుండా చదును చేసిన అడుగు బ్లేడు బిగించాక మళ్లీ వంగుతుంది. బ్లేడు మీద ఆనుకునే రెండో ఇనుప పలకను పదును అంచుకు మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర దూరంలో బిగించండి. ముడులున్న టేకుకు, నార (చెక్కలోని పోగుల వరుస) ఎదురు తిరిగే మద్దికి ఆ దూరాన్ని అర మిల్లీమీటరుకు తగ్గిస్తే చెక్క పెచ్చులు లేవడం ఆగుతుంది.

కొయ్య రంద కావాలనిపిస్తే అడ్డుచెప్పను. మన పెద్దలు దానితోనే దూలాలు చెక్కారు. అయితే దాని అడుగు ప్రతి వేసవికీ, ప్రతి వానకూ కొద్దిగా వంగుతుంది, ఏడాదికి రెండుసార్లు సరిచేసే ఓపిక ఉన్నవారికే అది తగినది.

రంపాలలో ఒకటి నార వెంట కోయడానికి, ఒకటి నారకు అడ్డంగా కోయడానికి ఉండాలి. నిలువు కోత పన్ను ఉలిలా ముందుకు చెక్కుతుంది, అడ్డకోత పన్ను కత్తిలా పక్కకు కోస్తుంది. ఒకదాని పని రెండోదానితో చేయిస్తే కోత అవుతుంది గానీ చేయి పోతుంది. ఈ రోజుల్లో పళ్ల కొసలు నల్లగానో నీలంగానో కనిపించే రంపాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటి కొసలను ప్రత్యేకంగా కాల్చి గట్టిపరుస్తారు, అందువల్ల చాలాకాలం పదునుగా ఉంటాయి, కానీ ఆకురాయి వాటి మీద జారిపోతుంది. మొద్దుబారాక పారవేయవలసిందే. సానపట్టడం నేర్చుకోవాలనుకుంటే పళ్లన్నీ ఒకే ఉక్కు రంగులో ఉన్న మామూలు రంపాన్నే అడగండి.

మూలమట్టాన్ని అంగట్లోనే పరీక్షించడం

ఇది ఎవరూ చేయరు, నేనూ చేయలేదు. కొత్త మూలమట్టం తెచ్చి ఆ నమ్మకంతో ఒక చిన్న అలమర నాలుగు పలకలూ కోశాను. బిగించాక తలుపు పైన ఆనుకుని కింద వేలు దూరేంత సందు వచ్చింది. ఆ తరువాత తెలిసిన పరీక్ష చాలా తేలిక. తిన్నని అంచున్న పలకకు మూలమట్టాన్ని ఆనించి సన్నని పెన్సిలుతో గీత గీయండి. ఇప్పుడు మూలమట్టాన్ని బోర్లా తిప్పి, అదే అంచుకు ఆనించి, అదే చుక్క నుంచి మరో గీత గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే అది నిజమైన మూలమట్టం. పైకి వెళ్లేకొద్దీ విడిపోతే, ఆ ఎడంలో సగం దాని తప్పు. అంగడివాడు విసుక్కున్నా ఈ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వకండి. ఇంటికి తెచ్చాక దాన్ని కింద పడేయకుండా చూసుకోవడమే దాని నిర్వహణ అంతా.

పదును: అసలు పని

టేకు కోసేవారికి పదును సంగతి ఇతరులకంటే ఎక్కువ తెలియాలి. ఆలపల్లి అడవుల పేరు చెప్పుకుని గర్వపడతాము, 2023లో అయోధ్య రామాలయం తలుపులకు టేకు వెళ్లింది పక్కనున్న బల్లార్పూర్ డిపో నుంచే. ఆ టేకులోనే సిలికా ఉంటుంది, అంటే సన్నని ఇసుక వంటి పదార్థం చెక్క లోపలే ఉంటుంది. టేకు కోయడానికి మెత్తగా అనిపిస్తూనే పదునును తినేస్తుంది. మామిడి చెక్క మీద పూటంతా పనిచేసిన ఉలి టేకు మీద గంటకే రాయిని అడుగుతుంది. అందుకే సానరాయిని జాబితాలో ముందు పెట్టాను.

రాయి విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఒకవైపు గరుకు, మరొకవైపు నునుపు ఉన్న ఎనిమిది అంగుళాల నూనె రాయి ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది, మొదటివారికి అదే చాలు. నీటి రాయి వేగంగా పనిచేస్తుంది గానీ త్వరగా పల్లం పడుతుంది. మూడోది మందపాటి అద్దం ముక్క మీద 220, 400, 800, 1200 నంబర్ల వాటర్ పేపర్లు అంటించడం. ఇది అన్నిటికంటే చవకగా మొదలయ్యే దారి, ఎప్పటికప్పుడు పేపరు కొనవలసి రావడం వల్ల చివరికి ఖరీదైనది. నూనె రాయికి కుట్టు మెషిన్ నూనెలో సగం కిరసనాయిలు కలిపి వాడండి. నూనె వాడిన రాయి మీద మళ్లీ నీళ్లు పోయవద్దు.

కొత్త ఉలికి ముందుగా వీపు చదును చేయాలి. ఉలి మొత్తం పొడవునా అక్కరలేదు, కొస నుంచి అంగుళం మేర చాలు. వీపు మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి, రాయి మీద పూర్తిగా ఆనించి పదిసార్లు రుద్ది చూడండి, ఎక్కడ నలుపు మిగిలిందో అక్కడ రాయి తగలడం లేదన్నమాట. అంచు పక్కనున్న నలుపు అంతా పోయేదాకా గరుకు వైపు, తరువాత నునుపు వైపు రుద్దాలి. ఈ పని ఒక ఉలికి జీవితంలో ఒక్కసారే. తరువాత ఎప్పుడూ వీపును ఎత్తి రుద్దకండి. వేలెడంత ఎత్తు లేపినా ఆ ఉలి ఇక తిన్నగా కోయదు.

ఇక వాలు, అంటే వీపుకు ఎదుటివైపు అంచు దాకా ఏటవాలుగా దిగే ముఖం. ఇంటి పనికి వాలును మొదట 25 డిగ్రీల కోణంలో అరగదీసి, చివర అంచు దగ్గర సన్నని పట్టీ మాత్రం 30 డిగ్రీలలో పదును పెట్టడం మంచి పద్ధతి. కోణం కొలిచే పరికరం లేకపోయినా స్కేలు చాలు. ఉలి మందానికి వాలు పొడవు సరిగ్గా రెట్టింపు ఉంటే అది 30 డిగ్రీలు, రెండున్నర రెట్లకు కొంచెం తక్కువగా ఉంటే 25 డిగ్రీలు. నాలుగు మిల్లీమీటర్ల మందపు ఉలికి వాలు ఎనిమిది మిల్లీమీటర్లుంటే 30, తొమ్మిదిన్నర ఉంటే 25 అన్నమాట. వాలును రాయి మీద ఆనించి, రెండు చేతుల వేళ్లూ అంచుకు దగ్గరగా నొక్కి పెట్టి, మణికట్టును బిగించి భుజం నుంచి ముందుకు వెనక్కు కదలండి. మణికట్టు ఊగితే వాలు గుండ్రనవుతుంది. చేయి కుదిరేదాకా ఉలిని నిలిపి పట్టే చిన్న చక్రాల గైడు వాడుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఎంతసేపు రుద్దాలి అన్న ప్రశ్నకు గడియారం జవాబు చెప్పదు, వేలు చెబుతుంది. వాలు వైపు రుద్దుతూ ఉంటే అంచు దాటి వీపు వైపుకు కంటికి కనిపించనంత సన్నని ఉక్కు పొర మడత పడుతుంది. వీపు వైపు నుంచి బొటనవేలిని అంచు బయటికి జార్చితే గరుకుగా తగులుతుంది. ఒక మూల నుంచి మరో మూల దాకా అంతటా ఆ గరుకు తగిలిన తరువాతే రాయిని తిప్పాలి. ఒక్క చోట తగలకపోయినా అక్కడ మొద్దు మిగిలి ఉందని అర్థం. చాలామంది ఇక్కడే తొందరపడి నునుపు రాయికి వెళ్లి, ఎంత రుద్దినా పదును రాలేదని ఉలిని నిందిస్తారు. నునుపు రాయి మీద మళ్లీ అదే వరుసలో వాలు రుద్ది, చివర వీపును పూర్తిగా ఆనించి నాలుగుసార్లు లాగితే ఆ పొర రాలిపోతుంది. పాత తోలు బెల్టును చెక్క ముక్కకు అంటించి, ఆకుపచ్చ పాలిష్ సబ్బు పూసి, అంచును వెనక్కి లాగుతూ పదిసార్లు తిప్పితే పని ముగుస్తుంది. ముందుకు తోస్తే తోలు కోసుకుపోతుంది.

పరీక్షకు చేతి వెంట్రుకలు గొరగనక్కరలేదు. బూరుగు చెక్క ముక్కను నారకు అడ్డంగా కోసిన కొస మీద ఉలితో సన్నని పొర తీసి చూడండి. కొస మెరుస్తూ నునుపుగా వస్తే పదును ఉంది, పొడి రాలి గుంటలు పడితే లేదు. మెత్తని చెక్కే నిజం చెబుతుంది. గట్టి చెక్క మొద్దు ఉలికి కూడా ఎంతో కొంత లొంగుతుంది.

సాన చక్రం వాడేవారికి ఒక హెచ్చరిక. ఉక్కు వేడెక్కి అంచు లేత పసుపు రంగుకు తిరిగితే ఆపి నీళ్లలో ముంచాలి. నీలం రంగుకు, అంటే 300 డిగ్రీల దరిదాపులకు వెళితే దాని గట్టిదనం పోయినట్టే, ఆ నీలం ఉన్నంత మేర అరగదీసి పారేయవలసిందే. చక్రానికి మూడు సెకన్లకు మించి ఆనించకుండా, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని, వేలికి వేడి తెలియగానే ముంచడం అలవాటు చేసుకోండి. నా 12 మిల్లీమీటర్ల ఉలి అసలు పొడవు కంటే అర అంగుళం పొట్టిగా ఉండడానికి కారణం ఇదే.

రాయీ అరుగుతుంది. నెలకోసారి దాని మీద పెన్సిలుతో గళ్లు గీసి, అద్దం మీద పరచిన 120 నంబరు వాటర్ పేపరు మీద రుద్దండి, గళ్లన్నీ పోతే చదునైనట్టు. పల్లం పడిన రాయి మీద రందబ్లేడు తిన్నగా రాదు.

రంపం పళ్లకు మూడు మూలల ఆకురాయి వాడాలి. రంపాన్ని పళ్లు మాత్రమే పైకి కనిపించేలా రెండు చెక్కల నడుమ బిగించి, ప్రతి పన్నుకూ ఒకే సంఖ్యలో, రెండో మూడో తోపులు తోయండి. ఒక దాని ఎత్తు తగ్గితే పక్కది చెక్కను గీరుకుంటుంది. మొదటిసారికి నిలువు కోత రంపంతో మొదలుపెట్టండి, దాని పళ్లు తిన్నగా ఉంటాయి కాబట్టి తప్పు తక్కువ జరుగుతుంది.

కరెంటు పనిముట్లు

వీటి గురించి తక్కువే చెబుతాను. మొదట డ్రిల్లు, తరువాత అవసరం కనిపిస్తే జిగ్‌సా, ఆపైన సాండింగ్ మెషిను. పెద్ద కోతలు ఏ మిల్లులోనైనా చేయించుకోవచ్చు. ఇంట్లో టేబుల్ రంపం పెట్టుకోవడం పిల్లలున్న ఇంటికి తగదని నా అభిప్రాయం. మన పల్లెల్లో సాయంత్రాలు వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు డ్రిల్లు మోటారు నెమ్మదించి, దానికే అమర్చిన ఫ్యాను గాలి చాలక, బరువు మీద తిప్పేకొద్దీ వేడెక్కి చుట్లు కాలిపోతాయి. మధ్యాహ్నం పూట పని పెట్టుకోండి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడవలసి వస్తే సన్నని దీపపు వైరు కాక 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి వైరు వాడండి, చుట్ట పూర్తిగా విప్పి పరచండి. గోడ బాక్సుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించడం తడి నేల మీద పనిచేసే మనకు తప్పనిసరి.

చేతి గ్రైండరుకు కొయ్య కోసే పళ్ల చక్రం తగిలించి పనిచేయడం మన వైపు చాలాచోట్ల చూస్తున్నాను. ఆ గ్రైండరు నిమిషానికి 11 వేల చుట్ల దాకా తిరుగుతుంది, చేతిలో పట్టే కొయ్య రంపపు యంత్రం సాధారణంగా దానిలో సుమారు సగం వేగంతోనే తిరుగుతుంది. చక్రం చెక్కలో బిగుసుకున్న క్షణంలో యంత్రం మొత్తం మీ వైపు ఎగురుతుంది, దాన్ని ఆపే రక్షణ కవచం అందులో లేదు. దీనికి జాగ్రత్తలు చెప్పను. చేయవద్దు.

రంపపు పొడి, సాండింగ్ పొడి ముక్కులోకి పోకుండా ఎన్ 95 మాస్కు వేసుకోండి. కొయ్య పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. టేకు, జిట్రేగి పొడులకు ఒంటి మీద దద్దుర్లు వచ్చేవారూ ఉంటారు.

వానాకాలం: తుప్పుతో

జూన్ మొదటి వానకు ముందే పనిముట్లన్నిటినీ ఒకసారి బయటికి తీసి, చెక్క పొట్టు దులిపి, పొడి గుడ్డతో తుడిచి, కుట్టు మెషిన్ నూనె తడిపిన గుడ్డతో పలుచగా పూయండి. నూనె కారేటట్టు పూస్తే దుమ్ము పట్టి జిడ్డవుతుంది, వేలు ఆనిస్తే ముద్ర పడేటంత ఉంటే చాలు. వంటింట్లోని వేరుశనగ నూనె, చెక్కకు పూసే అవిసె నూనె ఇందుకు పనికిరావు, అవి గాలికి గట్టిపడి జిగురు పొరలా అంటుకుంటాయి.

పనిచేసిన ప్రతిసారీ కూడా, చివర ఒక్కసారి ఆ నూనె గుడ్డ ఆడించి పెట్టండి. చెమటలో ఉప్పు ఉంటుంది. మా ఇంట్లో ఒక ఉలి మీద నా బొటనవేలి గుర్తు తుప్పు రూపంలో ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది.

నిల్వలో పెద్ద తప్పు గోనెపట్టాలో చుట్టడం. గోనె గాలిలోని తేమను పీల్చి ఉక్కుకు ఆనించి ఉంచుతుంది. ప్లాస్టిక్ సంచి మరో తప్పు, లోపల చిక్కిన తేమ బయటికి పోదు. మూత బిగిసే చెక్క పెట్టెలో, పనిముట్లు ఒకదానికొకటి తగలకుండా గాడులు చేసి, అందులో సిలికా జెల్ పొట్లాలు వేయడం మేలు. నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే తేమతో నిండినట్టు, వాటిని మూకుడులో సన్నని సెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలం అవుతాయి. ఆ మూకుడును తిరిగి వంటకు వాడకండి. పెట్టెకు తుమ్మ, సండ్ర వంటి వగరు చెక్కలు మాత్రం వాడవద్దు. వాటిలోని టానిను తడిసిన ఇనుముతో కలిసి నల్లని మరక చేస్తుంది.

తుప్పు పట్టనే పట్టిందనుకోండి. పైపైన ఉన్నదైతే 400 నంబరు వాటర్ పేపరు, నూనె చాలు. లోతుగా ఉంటే పిడి తడవకుండా ఉక్కు భాగాన్ని మాత్రం చిక్కని చింతపండు రసంలో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున్నే ఇత్తడి బ్రష్షుతో రుద్ది, వంటసోడా నీళ్లలో ముంచి పులుపు విరిచి, వెంటనే ఆరబెట్టి నూనె పూయండి. ఆరబెట్టడంలో అరగంట ఆలస్యమైతే అప్పుడే తుడిచిన చోట మళ్లీ పసుపు పొర కమ్ముతుంది. రాత్రికి మించి పులుసులో ఉంచితే ఉక్కు కూడా కరగడం మొదలవుతుంది, అంచు మసకబారుతుంది.

వేసవి: పిడులతో

ఎండకు వదులైన సుత్తి పిడిని నీళ్ల బకెట్టులో నానబెట్టడం మనకు తరతరాల అలవాటు. అది ఆ పూటకు బిగుస్తుంది. కానీ ఉబ్బిన కర్రకు ఇనుప కంతలో పెరిగే చోటు లేక లోపలి నార నలిగిపోతుంది, మళ్లీ ఎండినప్పుడు మునుపటికంటే ఎక్కువ వదులవుతుంది. దానికి బదులు పిడి పైకొసలో ఉన్న చీలికను తీసి, కొంచెం మందమైన ఎండు టేకు చీలికను దిగగొట్టండి. పొడిబారిన కొసకు అవిసె నూనెను రెండు మూడుసార్లు పట్టించండి. పనిముట్ల ఉక్కుకు పనికిరాదన్న ఆ అవిసె నూనె పిడికి మాత్రం మంచిదే, కర్రలోకి ఇంకి గట్టిపడుతుంది. నూనె పట్టించిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకండి, అవి తమంత తామే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విప్పి ఆరవేసి తరువాత పారేయండి.

కొత్త పిడి చేసుకోవలసి వస్తే తిరుమాను కర్ర దొరికితే అదృష్టమే, గొడ్డలి పిడులకు మన పెద్దలు దాన్నే ఎంచుకునేవారు. లేకపోతే చేవదేరిన నల్లతుమ్మ. నార పిడి పొడవునా తిన్నగా పారాలి, పక్కకు జారిపోతే దెబ్బకు అక్కడే విరుగుతుంది. పచ్చి కర్రతో పిడి చేయవద్దు. కర్రను కనీసం ఒక వేసవి నీడన ఆరనిచ్చి, ఏప్రిల్, మే నెలల్లో బిగించండి. బాగా ఎండిన నెలలో బిగించిన పిడి వానలో ఇంకా బిగుస్తుంది. వానలో బిగించినది వేసవిలో ఊడిపోతుంది.

దసరా నాడు

ఆయుధ పూజ, మరాఠీవారి ఖండే నవమి, రెండూ మన ఇళ్లలో కలిసిపోతాయి. ఆ రోజు పనిముట్లన్నిటినీ కడిగి, పసుపు కుంకుమ నీళ్లతో బొట్లు పెట్టి, మరునాటి దాకా తాకకుండా వదిలేస్తాము. వానలు వెళ్లిపోయే ఈ రోజుల్లో పెట్టె ఖాళీ చేసి ప్రతి వస్తువునూ చూడడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు, కానీ ఆ తడి బొట్టు ఉక్కు మీద రాత్రంతా ఉంటే తెల్లారేసరికి దాని చుట్టూ తుప్పు ఉంగరం ఏర్పడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు బొట్లు పిడుల మీదే పెడుతున్నాము, కడిగిన ఉక్కును పూజకు ముందే తుడిచి నూనె పూస్తున్నాము. విజయదశమి సాయంత్రం వాటిని మళ్లీ పెట్టెలో సర్దేటప్పుడు మూలమట్టానికి రెండు గీతల పరీక్ష, రాయికి పెన్సిలు గళ్లు, రంద అడుగుకు స్కేలు పెట్టి చూస్తాము. ఆ మూడింటికీ పట్టేది అరగంట.